పది నిమిషాలు ఉచితం

న్యుంగ్ కస్టమర్లు కాళ్ళు పెట్టే తొట్టి కడుగుతుండగా మొగుడు తొఆన్ కౌంటర్ దగ్గర్నుంచే చెప్పాడు. "నెట్‌లో డీల్ పెట్టేశానే. పెడిక్యూర్ సగం ధరకి. కొత్త కస్టమర్లకైతే పది నిమిషాల కాలి మసాజ్ ఉచితం."

"మసాజ్ ఎవరు చేస్తారండీ?"

"నువ్వున్నావుగా. దానికి మనకేం ఖర్చు?"

మనకేం ఖర్చట. వియత్నాం నుంచి వచ్చి, హ్యూస్టన్‌లోని ఈ నెయిల్ సెలూన్‌లో పద్దెనిమిదేళ్ళుగా చిన్న స్టూలు మీద కూర్చుని తను ఎవరెవరివో మడమలు రుద్దుతూనే ఉంది. ఈ పనికి తీసుకున్న లైసెన్సులు ఇద్దరివీ గోడ మీద పక్కపక్కనే వేలాడుతున్నాయి. అయినా అతగాడు కాళ్ళు ముట్టడు. "మావాడి చేతులు ఒకరి కాళ్ళు పట్టడానికి పుట్టలేదమ్మా" అని సెలూన్ తెరిచిన మొదటి వారమే అత్తగారు తేల్చేసింది. మరి తన చేతుల సంగతో? కుడి మణికట్టులో నరం నలిగిందని, పని తగ్గించకపోతే పట్టు పోతుందని డాక్టరు చెప్పి నెల కాలేదు. "డాక్టర్లు అలాగే అంటార్లే" అని తొఆన్ కొట్టిపారేశాడు. నిన్న పొద్దున కూతురు జడ వేయమని దువ్వెన ఇస్తే, అది వేళ్ళలో నిలవలేదు. "పోన్లేమ్మా, నేనే వేసుకుంటా" అంది పిల్ల. ఆ జాలికి న్యుంగ్‌కి ఏడుపొచ్చింది.

వారం తిరక్కుండానే డీల్ కోసం జనం విరగబడ్డారు. ఒకావిడైతే ఫోన్లో టైమర్ పెట్టుకుని మరీ కూర్చుంది. న్యుంగ్ చెయ్యి విదిలించుకుంటుంటే, "ఇంకా రెండు నిమిషాలుందమ్మా" అంది. పన్నెండేళ్ళుగా వస్తున్న ఒర్టెగా గారు ఖాళీ లేక రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయారు. "ఒక్కదాని కోసం ఇంతమందిని వదులుకుంటామా?" అన్నాడు తొఆన్.

మంగళవారం పొద్దున సెలూన్ తెరవగానే న్యుంగ్ స్టూలు వైపు వెళ్ళలేదు. కస్టమర్ల కుర్చీ ఎక్కి, ప్యాంటు మడిచి, కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఫోన్లో ఆ డీల్ కూపన్ చూపించింది. తన టిప్పుల డబ్బుతో కొన్నదే.

"ఏంటే ఈ వేళాకోళం? అది కొత్తవాళ్ళకు."

"కొత్తదాన్నేనండీ. ఈ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు."

వెచ్చటి నీళ్ళు తగలగానే కళ్ళు చెమర్చాయి. ఇంత హాయిగా ఉంటుందని ఇన్నేళ్ళూ తనకి తెలియనే తెలియదు. నొప్పి చేత్తోనే ఫోన్లో టైమర్ పది నిమిషాలకు పెట్టింది.

"నా చేతులతో ఇంక కావట్లేదండీ. ఇవాళ్టి నుంచి ఆ స్టూలు మీది. కూర్చోండి, మనకేం ఖర్చు?"