ఆడ్నే ఆగిన పుస్తకం

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వెనక గదిలో కంప్యూటరు ముందు యమున, పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో ఆమె తండ్రి, బాపు ఎల్లస్వామి, వంటింట్లో వదినె సంతోషమ్మ, వాకిట్లో బండి తుడుస్తూ అన్న కొండల్.

యమున వంగి గోడలోని ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది.

"మంచిగున్న డబ్బను రోజు చంపుతవేందే?" అన్నాడు బాపు.

"చంపితేనే రోగం దొరుకుతది బాపు."

ప్లగ్గు మళ్లీ పెట్టింది. కంప్యూటరు మూలుగుతూ లేచింది. పుస్తకం తెరిచింది. మొదటి పేజీ.

"సూడు, మళ్ల గట్టు మీద పడేసింది" అన్నాడు బాపు. చెరువులో ఎంత దూరం పోయినా మొదటికే తెచ్చినట్టు.

ఆ పుస్తకం శంకరయ్య సారు రాసింది. ఇబ్రహీంపట్నం చెరువు గురించి, దాని తూముల గురించి, అందులో చేపలు పట్టి బతికినవాళ్ల గురించి. బస్ డిపో ఎదురుగా తను పనిచేసే టైపింగు షాపులో యమునే దాన్ని టైపు చేసింది. అచ్చయిన అక్షరాలు బాపు కళ్లకు ఆనలేదు. అందుకని కంప్యూటరులో పెట్టి, ఒక్కో అక్షరాన్ని చింతగింజంత చేసి ఇచ్చింది.

"మీ నాయిన వల ఇసిరే ముచ్చట గూడ రాసిన ఎల్లస్వామీ. చివర్ల వస్తది" అని సారు చెప్పినప్పటి నుంచి బాపుకు అదే ధ్యాస. నాయన పోయేనాటికి బాపు పసివాడు. ఒక్క ఫోటో కూడా లేదు.

"గా పేజీ నేను తీసిస్త" అని యమున ఎన్నోసార్లు అంది.

"వలను నడుమ పట్టి గుంజుతరా? కొస నుంచి రావాలె. నువ్వు టైపు కొట్టినవని నాకు చెప్పకు మల్ల."

ముసలితనంలో రాత్రిబడిలో నేర్చుకున్న చదువు. తెర మీద వేలు పెట్టి ఒక్కో మాట కూడబలుక్కునేవాడు. ఇంతలో కరెంటు పోయేది. పోయినప్పుడల్లా, పుస్తకాన్ని తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ చదివిన చోటు మరిచిపోయేది. బాపు కోపం తెచ్చుకోకుండా మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. మొదటి అధ్యాయం వదినెకు నోటికి వచ్చేసింది. రొట్టెలు కొడుతూ అప్పజెప్పేది.

ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, తెలిసినవాళ్లు లోపల తెరిచి బాగుచేయవచ్చు. డిగ్రీ అయ్యాక కంప్యూటరు కోర్సు చేసి, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు తిరిగి, ఇంటర్వ్యూల్లో నోరు పెగలక వెనక్కి వచ్చిన యమున, పగలంతా షాపులో ప్లాట్ల అగ్రిమెంట్లు టైపు చేసి, ఇంటికొచ్చి ఈ బాగుచేసే పని చేసుకునేది. ఇక్కడ ఎవరి ముందూ నోరు తెరవాల్సిన పనిలేదు.

ఈ లోపం గురించి రాస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఒకాయన ఎక్కడో చలిదేశం నుంచి జవాబిచ్చాడు. మా దగ్గర ఇలా జరగడం లేదు, ఎప్పుడు జరుగుతుందో వరసగా చెప్పండి అని.

"పుస్తకం తెరవాలి. చదవాలి. కరెంటు పోవాలి" అని రాసింది.

అంత తరచుగా పోతుందా అని అడిగాడు. ఈ జవాబు రాస్తుండగానే ఒకసారి పోయింది అని రాసింది. అయితే మీరే బాగుచేసి పంపండి, తీసుకుంటాం అన్నాడు.

పుస్తకం మూసేటప్పుడు మాత్రమే చోటు రాసిపెట్టే పద్ధతిని తీసేసి, పేజీ తిప్పినప్పుడల్లా రాసేట్టు చేసింది. అయినా ఇవాళ మొదటి పేజీయే వచ్చింది. తెర వంక చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది. యంత్రం రాస్తానని ఒప్పుకుంటోంది గాని, మనసులో పెట్టుకుని, తీరిక చూసుకుని రాస్తోంది. ఆలోపే కరెంటు పోతోంది. అప్పటికప్పుడే రాయాలని ప్రోగ్రాములో ఒక వరస చేర్చింది. మళ్లీ ప్లగ్గు పీకి చూసే వ్యవధి లేదు, షాపు తీసే వేళయింది.

"ఇయ్యాల గట్టు మీద పడెయ్యదు కావచ్చు బాపు."

"కావచ్చా? గింత చదివి కావచ్చంటవేందే?"

"ఇంటర్వ్యూల గూడ గట్లనే అన్నది బాపు!" వాకిట్లోంచి కొండల్ అరిచాడు. నవ్వుకుంటూ చెప్పులు వేసుకుంది.

మధ్యాహ్నం షాపులో కరెంటు పోయింది. సాగర్ రోడ్డు పొడవునా జనరేటర్లు మొదలయ్యాయి. సగం టైపు చేసిన అగ్రిమెంటు ముందు యమున చేతులు కట్టుకుని కూర్చుంది. ఆమె పుట్టేసరికే చెరువు ఎండింది. బాపు ఆమెను భుజాల మీద కూర్చోబెట్టుకుని బీటలువారిన మట్టిలో నడిచేవాడు. "గీడ నీ కాళ్లకు నీళ్లు. గీడ నీ మెడ దాంక. ఇగో, మునిగినవ్!" ఆమె ముక్కు మూసుకునేది. అవతలి గట్టు ఎక్కేదాకా ఊపిరి వదిలేది కాదు. తర్వాత బాపు ఇళ్ల స్థలాలు అమ్మే వెంచర్లో వాచ్‌మన్‌గా చేరాడు. ప్లాట్ల రాళ్ల మధ్య కూడా అట్లాగే అడుగు తీసి తీసి వేసేవాడు, నీళ్లలో నడిచినట్టు.

కరెంటు వచ్చింది. కాసేపటికి మళ్లీ పోయింది. అప్పుడే వదినె ఫోను చేసింది.

"యమునా, జర ఇంటికి రావే. మామ పలుకుతలేడు."

ఆమె వెళ్లేసరికి బాపు కుర్చీలోనే ఉన్నాడు, తల ఒక పక్కకు వాలి. తెర నల్లగా ఉంది. సంతోషమ్మ ఆయన పాదాలు పట్టుకుని కూర్చుంది.

"మొదటిసారి కరెంటు పోయొచ్చినంక మళ్ల తెరిచిచ్చిన. చదివిన కాడనే ఉన్నది. 'సంతోషమ్మా, పడవ ఏడ ఇడిసిన్నో ఆడ్నే ఉన్నదే!' అని మస్తు నవ్విండు. చాయ పెట్టుకొస్తనని పోయిన. వచ్చేవరకు కరెంటు లేదు... మామ లేడు."

"ఎక్కడిదాంక వచ్చిండు వదినె?"

"నేను సూడలే బిడ్డా."

నక్షత్రం మంచిది కాదని పంతులు చెప్పాడు. ఇల్లు ఆరునెలలు విడవాలి, ఆయన చివరగా తాకినవి లోపలే ఉండాలి. దినాలు చిన్నాయన ఇంట్లో. పొద్దుగూకకముందే మగవాళ్లు కాటి నుంచి వచ్చారు. బట్టలు, గిన్నెలు బయటికి చేర్చారు. కొండల్ తాళంకప్ప పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, ఒక్కసారి డబ్బ తెరిచి చూసొస్త. కరెంటున్నది."

"ఏం చూస్తవే?"

"తాత వల ఇసిరే కాడికి వచ్చిండో లేదో."

కొండల్ తలుపు రెక్క పట్టుకున్నాడు.

"లోపల అడుగు పెట్టొద్దన్నరు గద. ఏడికి పోతది? ఆడ్నే ఉంటది. నువ్వే చేసినవ్ గద గట్ల."

తలుపు దగ్గరికి లాగాడు. సన్నబడుతున్న సందులోంచి వెనక గదిలో కీబోర్డు కనిపించింది. బాపు వెతుక్కోకుండా ఉండాలని పేజీ తిప్పే మీట మీద వదినె అంటించిన ఎర్ర బొట్టుబిళ్ల, వేలి ఒరిపిడికి నడుమ తెల్లబడి.