ఇదే ఆఖరి చెంచా

ఆ రోజు ఆ ఇంట్లో ఇరవై ఒక్కరున్నారు. మంచాల మీద పదహారు మంది పెద్దవాళ్ళు, వాళ్ళని పగలంతా చూసుకునే ఆయా, నర్సు, వంటావిడ, బట్టలుతికే బాబాయి, అందరిమీదా మేట్రనమ్మ. గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌ని ఇంట్లో లెక్క వెయ్యరు. వేస్తే భోజనం కూడా పెట్టాల్సొస్తుందని వంటావిడ అంటుంది. ఈ ఇరవై ఒక్కరిలో టీకా పడనివాళ్ళు ఇద్దరే. ఒకరు మూడో గదిలో ఉండే టైపు మామ్మ. రెండోది ఆయా.

పొద్దున్న ఏడున్నరయింది. ఆయా మామ్మని దిండుకి ఆనించి కూర్చోబెట్టి తల దువ్వుతోంది. మామ్మ జుట్టు దూదిలా పలచబడింది. గట్టిగా దువ్వితే దువ్వెనకే మిగిలేలా ఉంది. మామ్మ వేళ్ళు మాత్రం దుప్పటి మీద టకటక ఆడుతున్నాయి. ఆవిడ నలభై ఏళ్ళు ఏదో ఆఫీసులో టైపు కొట్టింది. మాటలు చాలావరకు పోయాయి కానీ వేళ్ళకి పని గుర్తుంది. వేళ్ళు మెల్లగా కదిలితే మామ్మ కులాసాగా ఉన్నట్టు, జోరుగా కదిలితే కోపంగా ఉన్నట్టు. ఇది ఆయాకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

పొద్దున లేచినప్పటి నుంచి ఆయా గొంతులో చిన్న గరగర ఉంది. దగ్గు వచ్చేలా ఉన్న ప్రతిసారీ గుటక వేసి మింగేస్తోంది. ముక్కు మీద గుడ్డ రెండు పొరలు కట్టుకుంది. ఇక ఆగలేక పెరటి వరండాలోకి పరిగెత్తింది. అక్కడ బట్టలు నానబెడుతున్న బాబాయి తలెత్తాడు.

"ఏమైందే, దగ్గుతున్నావు?"

"ఏం లేదు. పొలమారింది."

"నీళ్ళు తాగకుండానే పొలమారిందా? గొప్పదానివే."

ఆయా నవ్వలేదు. చెయ్యి వెనక్కి తిప్పి మెడ తాకి చూసుకుంది. వేడి లేదు. మళ్ళీ చూసుకుంది. తన చెయ్యి తన మెడకి ఎప్పుడూ చల్లగానే తగులుతుంది, అది నమ్మడానికి లేదనిపించింది.

గుమ్మం పక్క గోడకి మేట్రనమ్మ అంటించిన కాగితం అయిదు రోజులుగా ఉంది. టీకా వేయించుకుని పద్నాలుగు రోజులు నిండని పనివాళ్ళెవరూ ఈ సాయంత్రం ఆరు గంటల తర్వాత లోపలికి రాకూడదని అందులో ఉంది. ఆ కాగితాన్ని తప్పు పట్టడానికి ఆయాకి ఏమీ దొరకలేదు. ఈ టీకా ఏ జ్వరానికో ఆ జ్వరమే రెండేళ్ళ కిందట వచ్చి తూర్పు గదిలోని నలుగురిని ఒక్క నెలలో తీసుకుపోయింది. వాళ్ళకి చివరి స్నానం చేయించింది తనే. టైపు మామ్మకి ఊపిరితిత్తుల జబ్బు ఇంకా పూర్తిగా తగ్గలేదు, ఓ నెల ఆగి సూది వేద్దామని డాక్టరు అన్నాడు. అందాకా చుట్టూ తిరిగేవాళ్ళందరూ వేయించుకునే ఉండాలన్నాడు. ఆ మాట అన్నప్పుడు కూడా మామ్మ మూతి తుడుస్తూ ఆయా ఆ గదిలోనే ఉంది.

టీకాలవాళ్ళు ఈ ఇంటికి మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ పనివాళ్ళందరూ ముందు హాల్లోకి వెళ్ళాలి, సూది వేయించుకుని అరగంట కూర్చోవాలి. ఆ అరగంట మంచాల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా. మూడుసార్లూ ఆయా ఒక్కటే మాట అంది. "మీరు వెళ్ళిరండి. నేనుంటాలే."

ఆ మాట ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. నాన్న మంచం పట్టినప్పుడు అక్క పెళ్ళికి అందరూ తరలి వెళితే నేనుంటాలే అని ఇంట్లో ఉండిపోయింది. నాన్న ఆరేళ్ళు మంచం మీదే ఉన్నాడు. ఆ ఆరేళ్ళలో ఆమె పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, తర్వాత గుర్తొచ్చినా వయసు దాటిపోయింది. భర్త పోయాక అక్క తిరిగి వచ్చి ఆమెతోనే ఒక్క గదిలో ఉంటోంది. సెలవు రోజున వెళ్ళి సూది వేయించుకోవచ్చు, ఆస్పత్రి వీధి దాటితే వస్తుంది. కానీ సూది పడ్డాక వంటావిడ చెయ్యి దిండులా వాచడం చూసినప్పటి నుంచి ఆమెకి కొంచెం భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ వస్తారులే అనుకుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి మేట్రనమ్మ పిలిచింది.

"ఇంకా ఆలోచిస్తున్నావా? ఇప్పుడే వెళ్ళి వేయించుకునిరా. ఈ రోజు నుంచి పద్నాలుగు రోజులు లెక్క. నీ చోటు ఎక్కడికీ పోదు."

"చోటు గురించి కాదమ్మా. మామ్మ తినదు."

"బాబాయి తినిపిస్తాడు."

"మా అమ్మ పోయినప్పుడు నాలుగు రోజులే కదమ్మా నేను రానిది. నాలుగో రోజుకి సెలైన్ ఎక్కించారు. ఇప్పుడు పద్నాలుగంటే..."

మేట్రనమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకు తెలీదనుకున్నావా? కానీ నువ్వు ఒక్క దగ్గు దగ్గితే ఆవిడకి ఏమవుతుందో అదీ చెప్పు."

ఆయా గొంతులోని గరగరని మింగింది. ఆస్పత్రికి వెళ్ళింది.

వరసలో ఆమె ముందు తొమ్మిది మంది. నుంచున్నంతసేపూ గోడ గడియారం వైపే చూసింది. మామ్మకి రెండింటికి నీళ్ళు పట్టాలి. వంతు వచ్చి చెయ్యి చాచింది, కళ్ళు మూసుకుంది. "అయిపోయిందమ్మా, లేవండి" అంది ఆస్పత్రి నర్సు. చీమ కుట్టినంత కూడా లేదు. దీనికా ఇన్నాళ్ళు అనుకుంటే ఏడుపు వచ్చింది. గొంతు సంగతి చెబితే అక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, ఏమీ కనిపించడం లేదు, ఎక్కువైతే రమ్మన్నాడు. అరగంట కూర్చోబెట్టిన చోటే అక్క ఫోను చేసింది.

"వేయించుకున్నావా?"

"ఆ."

"ఆ ఏడుపేదో నెల కిందటే ఏడిస్తే పోయేది కదే. నీకు అందరి పనీ ముందు, నీ పని ఎప్పుడో. సరే, అన్నం నేను వండుతాలే. తొందరగా రా."

తిరిగి వచ్చాక ఆయా బాబాయిని పట్టుకుంది. ఉతికిన దుప్పట్లు ఆరేస్తుంటే వెనకాలే తిరిగింది.

"ఎడమ పక్కన కూర్చోవాలి. కుడి చెవి వినిపించదు. ముందు చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు కొట్టు. రెండే. మూడు కొడితే ఉలిక్కిపడుతుంది. తర్వాత చెంచా నోటి దగ్గర పెట్టి, ఇదే ఆఖరి చెంచా అను."

"మొదటి చెంచాకే?"

"ప్రతి చెంచాకీ."

"అబద్ధం కదే."

"తొమ్మిదేళ్ళుగా చెబుతున్నా. ఇంకా ఉందంటే నోరు మూసేస్తుంది. ఇదే ఆఖరిదంటే సరే పోనీలే అని తెరుస్తుంది. అలా ఇరవై దాకా తింటుంది."

బాబాయి దుప్పటి దులిపి తీగ మీద వేశాడు. "నా పెళ్ళాం నాకు ఇదే ఆఖరిసారి అని ముప్పై ఏళ్ళుగా చెబుతోంది. నేనూ నమ్ముతూనే ఉన్నా."

ఈసారి ఆయాకి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. వెంటనే గోడ వైపు తిరిగి రెండు చేతులతో నోరు మూసుకుంది. బాబాయి నాలుగడుగులు వెనక్కి వేశాడు, అంతే.

అయిదున్నరకి వంటావిడ జావ గిన్నె ఇచ్చింది. మూడో గదిలో ఆయా మంచానికి ఎడమ పక్కన స్టూలు వేసుకుంది. మూతిగుడ్డ ఇంకా బిగించింది. బాబాయి తడి చేతులు తుడుచుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు. కిటికీలోంచి ఎండ మామ్మ మోకాళ్ళ మీద పడుతోంది. వేళ్ళు మెల్లగా ఆడుతున్నాయి.

ఆయా గిన్నె మీద రెండుసార్లు కొట్టింది. మామ్మ తల తిప్పింది. ఆయా చెంచా నింపి నోటి దగ్గర పెట్టింది.

మాట రాలేదు.

మామ్మ పెదాలు మూసుకునే చూస్తోంది, ఆ మాట కోసం. ఆయా మళ్ళీ ప్రయత్నించింది. తొమ్మిదేళ్ళలో ఎన్ని వేలసార్లు అందో తెలియని మాట ఇప్పుడు గొంతులో గరగర దగ్గరే ఆగిపోయింది. మామ్మ వేళ్ళు జోరందుకున్నాయి.

"ఇదే ఆఖరి చెంచా మామ్మా" అన్నాడు వెనకనుంచి బాబాయి.

మామ్మ అతని వైపు చూసింది. "నువ్వెవరు?"

"బట్టలుతికేవాణ్ణి."

"నా దుప్పటి తడిగా ఉంది."

"రేపు బాగా ఆరబెడతానమ్మా."

మామ్మ నోరు తెరిచింది. ఆయా ఆ ఒక్క చెంచా పెట్టింది. మింగేదాకా చూసింది. తర్వాత లేచి స్టూలు అతనికి వదిలింది. చెంచా పిడిని కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. గిన్నెలో జావ ఇంకా నిండుగానే ఉంది.

"నేనుంటాలే" అన్నాడు బాబాయి. "నువ్వు వెళ్ళు."

నడవాలో గడియారం ఆరుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గుమ్మం దగ్గర ఆయా లోపలి చెప్పులు విడిచి అరలో పెట్టింది, బయటి చెప్పులు వేసుకుంది. మేట్రనమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మూడో గదిలోంచి గిన్నె మీద చెంచా చప్పుడు వినిపించింది. ఒకటి. రెండు. మూడోది కొట్టలేదు.

"అమ్మా, రెండో చెంచాకి నోరు తెరిచిందో లేదో ఒక్కసారి..."

"జ్వరం వస్తే ఫోను చెయ్యి. రాకపోయినా చెయ్యి. ఆవిడ ఎంత తిన్నదీ రోజూ చెబుతాను."

"ఎడమ పక్కన కూర్చోమని..."

"చెప్పావు. మధ్యాహ్నం నుంచి పదిసార్లు చెప్పావు."

మేట్రనమ్మ తలుపు మూసింది. గడియ పడింది. లోపలి చప్పుళ్ళేవీ ఇక బయటికి రాలేదు. తలుపు అద్దంలోంచి చెప్పుల అర మాత్రం కనిపిస్తోంది. కింది వరసలో ఆయా నీలం చెప్పులు, ఎడమదాని తెగిన పట్టీ తెల్లదారంతో కుట్టినవి, మడమలు గుమ్మం వైపు, వేళ్ళు మూడో గది వైపు పెట్టి ఉన్నాయి.