జిల్లేడు పాలు

రథసప్తమి స్నానానికి ఆకులు కోద్దామని కళ్యాణి తెల్లారగానే పెరట్లోని జిల్లేడు దగ్గరికి వెళ్లింది. ఈ దీవికొచ్చి గరాచర్మలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ పండగ కోసమే నాటిన మొక్క అది. మేకలు కూడా మూతి పెట్టని ఆ ఆకుల్ని చారల గొంగళిపురుగులు సగానికి పైగా తినేశాయి.

ఆమె చూస్తుండగానే ఒక పురుగు ఆకు నడిమి ఈనెను కొరికింది. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారాయి. పురుగు పక్కకు జరిగింది. పాల ధార తగ్గాక, వాడిన ఆ ఆకు కొసను నింపాదిగా తినసాగింది.

కళ్యాణికి ఆ పద్ధతి కొత్త కాదు. హాడో రేవులో డ్యూటీ దిగి వచ్చే మొగుడు దుర్గారావు తిట్లన్నీ తిట్టేసేదాకా ఆమె పెరటి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడుతుంది. ఆ తర్వాతే అన్నం వడ్డిస్తుంది. అలా నెగ్గుకొస్తున్నందుకు లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

పురుగును తీసేయబోతుంటే కూతురు లహరి గుమ్మంలోంచి అంది.

"ఛోడ్ దో మమ్మీ, ముట్టుకోకు. పాలు ఎంత కార్చేసినా కొంత విషం దాని ఒంట్లోనే ఉండిపోతాది. అందుకే పిట్టలు దాని దగ్గరికి రావంట. స్కూల్లో మేడమ్ చెప్పారు."

కళ్యాణి చెయ్యి వెనక్కి తీసుకుంది. మంచి ఆకులు ఏడు ఏరి, "రా, నెత్తిమీద పెడతాను" అంది.

మొగుణ్ని ఏమీ అనలేని ఆమె, గ్లాసు పగలగొట్టిందని నిన్న ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టింది.

"అక్కడ పెట్టెయ్ మమ్మీ. నువ్వెళ్లాక నేనే పెట్టుకుంటాను."

లహరి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, అచ్చం తల్లిలాగే నిలబడి ఉంది.