పక్క సీటు

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ మీద చెయ్యి వేసిన మెకానిక్కే, ఆ విమానం మళ్లీ మొదటిసారి లేచినప్పుడు పైలట్ పక్కన కూర్చోవాలి. తన ప్రాణం కూడా గాల్లో ఉంటుందంటే ఎవడైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడని పెట్టిన పద్ధతి. ముసలి మెకానిక్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు. పైలట్ సొంత అల్లుడైనా మినహాయింపు లేదు. "నాన్న పక్కనుంటే నాకు బెంగ లేదు," అనేది కూతురు.

ఆ ఉదయం పెట్రోలు గొట్టం మార్చి, నట్టు వేలితో తిప్పి, పానా అందుకున్నాడో లేదో కూతురు ఫోన్ చేసింది.

"మాత్ర వేసుకున్నావా నాన్నా?"

వేసుకోలేదు. పానా జేబులో పడేసి, మాత్ర మింగి వచ్చి, ఇంజిన్ మూత బిగించేశాడు. పాడు పరధ్యానం, చెప్పి వస్తుందా?

విమానం చెట్లు దాటి పైకి లేస్తుండగా ఇంజిన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. ముసలాయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. పానా తగిలింది.

"వెనక్కి తిప్పితే కూలిపోతాం మామయ్యా. ఎదురుగా చేనులో దించేస్తా," అన్నాడు అల్లుడు. అన్నట్టే దించాడు కూడా. చక్రాలు నేలను తాకాయి. హమ్మయ్య అనుకునేలోపు కాలువ గట్టు అడ్డమొచ్చింది. దెబ్బంతా అల్లుడి వైపే తగిలింది.

"రెండో పెట్రోలు ట్యాంకుకు మార్చడం మర్చిపోయానేమో మామయ్యా. మీ అమ్మాయికి చెప్పకండి, చంపేస్తుంది," అన్నాడు, నోట్లో రక్తంతోనే నవ్వబోతూ. నీ తప్పు కాదు నాయనా అని చెప్పేలోపే కళ్లు తేలేశాడు.

ఆసుపత్రి వరండాలో కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఆయనే ఏదో మర్చిపోయారని షెడ్డులో వాళ్లంటున్నారు. నిజమా నాన్నా?"

ఊ అంటే చాలు. పోయినవాడు లేచొచ్చి కాదనడు. కానీ ముసలాయన జేబులోంచి పానా తీసి బెంచీ మీద పెట్టాడు.

"మర్చిపోయింది నేనమ్మా. నట్టు బిగించలేదు."

ఆమె పానా వంక చూసింది. "నువ్వా? నువ్వెలా మర్చిపోతావు నాన్నా?" అంది. అని ఆగింది. "నేను ఫోన్ చేసినప్పుడా?"

"కాదు కాదు," అన్నాడు గబుక్కున.

కూతురితో ఏనాడూ అబద్ధమాడి ఎరగడు. ఇప్పుడూ చేతకాలేదు.