బీరువాలో రౌటరు

"కేబులు లాగితే గోడలు పాడవుతాయి బావా! నాలుగు కొమ్ముల రౌటరు తెచ్చాను, ఇల్లంతా నెట్టు అందుతుంది" అన్నాడు మా బావమరిది. కొమ్ములొచ్చింది రౌటరుకి కాదు, వాడికి! దుమ్ము పడుతుందని దాన్ని ఇనప బీరువాలో పెట్టి, కరెంటు తీగ సందులోంచి లాగి, తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్ళాడు.

ఇవాళ మేడమీద మా అమ్మాయి ఆన్‌లైన్ ఉద్యోగం ఇంటర్వ్యూ సగంలో తెగిపోయింది. నెట్టు రాదు, నెట్టుకు రావడమే! మండిపోయి వాడికి ఫోన్ చేశాను.

"సిగ్నలు నగ కాదురా వెధవా, బీరువాలో దాచడానికి!"

"తాళం పగలగొట్టకు బావా, అక్కకి కోపమొస్తుంది!"

వాళ్ళక్క, అంటే మా ఆవిడ, అప్పటికే సుత్తితో పని కానిచ్చేసింది. అమ్మాయి బీరువా ముందే కుర్చీ వేసుకుంది.

"ఇప్పుడు వినబడుతోందా సార్?"

"బాగా. మీ వెనక సుత్తి పట్టుకున్నావిడ ఎవరు?"

"మా అమ్మండి. మామయ్య కోసం ఎదురుచూస్తోంది."