పదకొండు పగడాలకు పసుపు

రెండు దేశాల నడుమ సముద్రంలో పెరుగుతున్న పదకొండు పగడాలను చిత్తూరులో, వంటింటి పక్క గదిలో కూర్చుని నందిని ఒక్కతే చంపేసిందని సోమవారం పొద్దున్నే ఫోనొచ్చింది.

"నీకు నేనేం ద్రోహం చేశానక్కా? నా పగడాల ప్రాణాలు తీసేశావే!" అంటూ అవతల రిజ్నా పడీపడీ నవ్వుతోంది. రిజ్నాది లంకలోని మన్నారు. వాళ్లిద్దరి మాటలూ అరవంలోనే. చిత్తూరులో పెరిగినవాళ్లకు అరవం ఎవరూ నేర్పక్కర్లేదు.

సముద్రం వేడెక్కితే పగడాలు రంగు పోయి తెల్లబడతాయి. ఏవి ఎంత తెల్లబడ్డాయో చూడడానికి రామేశ్వరం దగ్గరి మండపం ఊరి వైపు నుంచి మనవాళ్లు, మన్నారు వైపు నుంచి వాళ్లు నీళ్లలో దిగి ఫొటోలు తీశారు. ఒక్కో ఫోనులో ఒక్కో రంగు కనిపిస్తుందని అన్నీ ఒకేచోట అచ్చువేసి, రంగుల కార్డుతోపాటు పోస్టులో పంపారు. ఒకే ఫొటోను ఈ ఒడ్డున ఒకరు, ఆ ఒడ్డున ఒకరు, ఒకరికొకరు చెప్పుకోకుండా కార్డుతో సరిపోల్చి రాయాలి. కార్డులోని తెల్లగడితో కలిసిందంటే ఆ పగడం ఇక పోయినట్టే లెక్క. యాభై ఫొటోల్లో నలభై అయిదు కలిస్తే, మే నెలలో బయలుదేరే పడవలో నందినికి చోటు. బీయస్సీలో రికార్డు పుస్తకం నిండా పగడాలు గీసిన మనిషి, ప్రాణమున్న పగడాన్ని ఇంతవరకూ చూడలేదు. ఆ పడవ సంగతి పాలవాడికి కూడా చెప్పేసింది.

కలిసినవి ముప్పై తొమ్మిదే.

"నా కళ్లు తప్పు చెప్పవు," అంది నందిని. బంగారుపాళ్యంలో పుట్టిన పిల్ల, మామిడికాయ తోలు రంగు చూసి ఏ రోజుకు పండుతుందో చెప్పేది. "నీ కార్డు చూపించు."

వీడియోలో రిజ్నా తన కార్డు పట్టింది. నందిని తనది పట్టింది.

"అక్కా, నీ తెలుపుకు కామెర్లు వచ్చాయే!"

నిజమే. పై మూల తెల్లటి గడి లేతపచ్చగా ఉంది. మిగతా మూడు మూలలూ ముదురురంగులు కాబట్టి తెలియలేదు. నాలుగు మూలలు అనగానే నందినికి వెలిగింది.

"అత్తా!"

అత్తగారు అక్కమ్మ గరిటెతోనే వచ్చింది. "కొత్తది ఇంట్లోకొస్తే నాలుగు మూలలా పసుపు పూయకుండా ఎట్ల వాడతార మే? ఫ్రిజ్జుకు పూసినాను, మిక్సీకి పూసినాను, నీ అట్టకీ పూసినాను. తప్పా?"

కొంచెం పాలిపోయినా బతికే ఉన్న పగడాలు, పసుపు తగిలిన ఆ తెలుపుతో అచ్చంగా సరిపోయాయి. కామెర్లు కార్డుకు, చావు పగడాలకు!

మండపంలో లెక్కలు సరిచూసే గుణశేఖర్‌కు నందిని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నవ్వు ఆపుకోవడానికి కొంచెంసేపు పట్టింది. "తప్పు కార్డుది కాబట్టి ఇంకొక్కసారి చూడొచ్చమ్మా. సాయంత్రం అయిదులోపల. కొత్త కార్డు రావాలంటే వారం. ఆ తెలుపు మళ్లీ తెలుపైతేనే."

నీళ్లకు తడవని కార్డే గదా అని నందిని పరుగున వెళ్లి సబ్బు రుద్దింది. గడి ఎర్రబడింది.

"పసుపుకు సబ్బు పెడితే ఎర్రబడదా? పెండ్లికూతురికి పారాణి ఎట్ల కలపతారనుకున్యావు? బీయస్సీ సదివిందంట!" అంటూ అక్కమ్మ నిమ్మకాయ పిండింది. ఎరుపు మళ్లీ పచ్చన.

"ఉమ్మా, తొందరగా రా! చిత్తూరులో ఇంద్రజాలం!" అని ఫోనులో రిజ్నా వాళ్లమ్మను కేకేసింది.

"పసుపుగుడ్డ ఎండలో ఏస్తే రంగు నిలస్తాదా? పద మిద్దెమీదికి," అంది అక్కమ్మ. తక్కిన రంగులు వెలిసిపోకుండా నందిని మూలలు తప్ప గళ్లన్నీ నల్లగుడ్డతో కప్పింది. కాకి తన్నుకుపోకుండా అక్కమ్మ గొడుగేసుకుని కాపలా కూర్చుంది. మూడింటికల్లా ఏప్రిల్ ఎండ పని ముగించింది. రిజ్నా తన కార్డుతో గడిగడీ సరిచూసి సరేనంది.

"ఏ పదకొండో చెప్పనా అక్కా?"

"చెప్పావంటే ఫోను కట్!"

గుర్తుండకూడదని ఫొటోలను అత్తచేత పేకముక్కల్లా కలిపించింది. అంతకుముందు రెండుసార్లు చేతులు కడిగించింది, సబ్బుతోనే. అక్కమ్మ ఒక్కొక్కటే ఎత్తి చూపుతూ, "ఇది దోరగా ఉండాది," అంది.

"నోరు తెరవద్దత్తా! నువ్వు చెప్తే లెక్కలోకి రాదు."

అయిదుకు రెండు నిమిషాల ముందు కాగితం పంపింది. అయిదుంబావుకు రిజ్నా అరిచిన అరుపుకు అక్కమ్మ పొయ్యి కట్టేసి వచ్చింది. నలభై ఎనిమిది!

"తొమ్మిది లేచి కూర్చున్నాయక్కా!"

"మరి ఆ రెండు?"

"అవి నిజంగానే పోయాయేమో, నేనే మళ్లీ చూడాలి. నీ కళ్లు గట్టివే." రిజ్నా గొంతు ఒక్క క్షణం తగ్గింది. మళ్లీ లేచింది. "మా పడవ కూడా ఆ రోజే. సరిహద్దు గీత దాటనివ్వరు గాని, దూరం నుంచి కార్డు ఊపుతాను, చూసుకో!"

తర్వాతి వారం మండపం నుంచి పార్శిలొచ్చింది. పడవలో తొడుక్కునే నారింజరంగు తేలుడు చొక్కా. విప్పీ విప్పకముందే అక్కమ్మ పసుపు గిన్నెతో ప్రత్యక్షమైంది.

నందిని ఒక్క గంతులో వెళ్లి రంగుల కార్డును కందిపప్పు డబ్బాలో పడేసి, మూత బిగించి, దానిమీద కూర్చుంది.

"ఇప్పుడు పూయత్తా, ఎంత కావాలంటే అంత!"