యాభై నిండేలోగా

గోడ క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో అతను ప్రూఫులు చూస్తాడు. ఒక్కో గడిలో మూడు తేదీలు. ఒకటి సూర్యుణ్ణి పట్టి నడుస్తుంది, ఒకటి చంద్రుణ్ణి. మూడోది చంద్రుడు వెనకబడినప్పుడల్లా ఒక నెల అదనంగా చేర్చి ఇద్దరికీ సర్దిచెబుతుంది. "ఒకే గదిలో మూడు కాపురాలు" అంటుంది పక్క బల్ల దగ్గర పేజీలు కట్టే ఆవిడ.

అతనికి నలభై తొమ్మిది దాటి ఆర్నెల్లు. తండ్రి యాభై నిండుతుండగా పోయాడని ఇంట్లో అందరూ అనేవారు. ఈ ఏడు గడిస్తే చాలనుకుంటూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇల్లు మారదామని భార్య అడిగిన ప్రతిసారీ మాట దాటేస్తున్నాడు. మెట్లెక్కాక ఆగి, ఎవరూ చూడకుండా ఛాతీ మీద చెయ్యి వేసుకుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం, వేళాకోళంలా, ఆ భయం ఆవిడ ముందు బయటపెట్టాడు.

"మీ నాన్నగారి వాళ్ళది ఏ లెక్క?"

"చంద్రుడిదే అనుకుంటా, అదనపు నెల లేకుండా."

"అయితే వాళ్ళ ఏడాది పదకొండు రోజులు పొట్టి. ఆ యాభై మన లెక్కలో నలభై ఎనిమిదిన్నర. గండం ఎప్పుడో దాటేశారండీ, మాకు స్వీట్లు ఎగ్గొట్టి!"

సాయంత్రం తిన్నగా మేనత్త ఇంటికి వెళ్ళాడు.

"అత్తా, నాన్న వయసు ఏ లెక్కన చెప్పేవాళ్ళు?"

"నెలవంకలు చూసే. వయసు దాస్తే నేను దాచాలి గానీ, వాడికేం అవసరంరా?"

గుండె తేలిక కావలసింది. కాలేదు. తండ్రికంటే తాను పెద్దవాడైపోయాడు, తెలియకుండానే, ఏ మామూలు రోజో, బస్సులో సీటు కోసం తగువాడుతూనో ఏమో. ఇన్నాళ్ళూ ఎదురుగా ఒక హద్దు ఉండేది. దాన్ని చూసి భయపడితే సరిపోయేది. ఇప్పుడు ఏ రోజైనా కావచ్చు. ముందు నడుస్తున్నాడనుకున్న తండ్రే ఇప్పుడు తనకు తమ్ముడిలా వెనక ఎక్కడో ఆగిపోయాడు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే భార్యకు అంతా చెప్పాడు.

"ఇదా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నది? పోయేవాళ్ళు నన్ను ఈ చెమ్మగోడల మధ్యే వదిలేసి పోదామనుకున్నారా?"

"పద, నువ్వు చెబుతున్న ఆ ఇల్లు చూసొద్దాం. ఇప్పుడే."

"ఈ పాటికి తాళం వేసుంటారు. కాసేపు కూర్చోండి."

అతను కూర్చోలేదు.